ఆల్గోడూలో మెత్తటి టైరు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

ఆల్గోడూ అనే 2డి ఫిజిక్స్ ఆటలో బండి చేయడం చాలా తేలిక. వృత్తం గీసి, మధ్యలో ఇరుసు పెట్టి, మోటారు ఆన్ చేస్తే చాలు, బండి కదులుతుంది. చదునైన నేల మీద దానికి వంక పెట్టేదేమీ ఉండదు. అదే బండిని రాళ్ల మీదుగా నడిపితే ఎగిరెగిరి పడుతుంది, చక్రం సగం సేపు గాల్లోనే తిరుగుతుంది. మెత్తటి టైరు కావాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది. అది కుదిరాక, నిజం బండికి గాలి కొట్టించినట్టు, తగ్గించినట్టు ఆ మెత్తదనాన్ని మార్చుకోగలిగితే బాగుండుననిపిస్తుంది.

ఈ ఆటలో రెడీమేడ్ టైరు దొరకదు. స్వీడన్‌లోని ఉమెయో విశ్వవిద్యాలయంలో ఎమిల్ ఎర్నర్‌ఫెల్ట్ మాస్టర్స్ థీసిస్‌గా చేసిన ఫన్ అనే 2డి ప్రోగ్రామ్ 2008లో బయటికొచ్చింది. దాన్నే ఆల్గోరిక్స్ సంస్థ ఆల్గోడూగా పెంచింది. ఇప్పుడు విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఉచితం. మన చేతికి ఇచ్చేది పెట్టెలు, వృత్తాలు, స్ప్రింగులు, ఇరుసులు, గొలుసులు లాంటివే. టైరును వాటితోనే కట్టుకోవాలి. కట్టే పద్ధతులు అరడజను దాకా కనిపిస్తాయి, ఏది ఎంచుకోవాలో తెలియక చాలామంది అక్కడే ఆగిపోతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెత్తదనం తేవడం కష్టం కాదు, నాలుగు స్ప్రింగులు పెడితే ఏదైనా మెత్తగా అవుతుంది. ఆ మెత్తటి దాని గుండా మోటారు తిప్పే బలాన్ని నేల దాకా చేర్చడమే అసలు కష్టం. బరువు మోసే స్ప్రింగులకూ, బలాన్ని చేరవేసే స్ప్రింగులకూ వేరు వేరు పనులు అప్పగించిన డిజైనే చివరికి నిలబడుతుంది.

## ముందు ఏం చూడాలి

లెక్కలు అర్థం కావడానికి ఒక నమూనా బండి పెట్టుకుందాం. ఆల్గోడూ 2డి కాబట్టి బండికి రెండు చక్రాలే. మొత్తం బరువు 40 కిలోలు, ఒక్కో చక్రం మీద 20 కిలోలు, అంటే దాదాపు 200 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం అర మీటరు. కింది అంకెలన్నీ ఈ బండికి సంబంధించినవే. మీ బండి రెట్టింపు బరువుంటే స్ప్రింగుల బలాన్నీ రెట్టింపు చేసుకోండి.

మొదట చూడాల్సింది బరువు. బండి నిలబడి ఉన్నప్పుడు టైరు ఎంత కుంగాలి? అర మీటరు వ్యాసార్ధానికి 2 నుంచి 7 సెంటీమీటర్లు బాగుంటుంది. అంతకన్నా తక్కువైతే గట్టి చక్రానికీ దీనికీ తేడా తెలియదు. ఎక్కువైతే చిన్న గుంతకే రిమ్ము నేలకు తగులుతుంది.

రెండోది మోటారు బలం. హబ్, అంటే చక్రం మధ్యలోని గట్టి భాగం, తిరిగినప్పుడు టైరు వెంటనే తిరగాలి. మధ్యలో స్ప్రింగులు మెలితిరిగిపోతే మోటారు శక్తంతా వాటిలోనే ఇరుక్కుంటుంది, బ్రేకు వేసినప్పుడు ఆ మెలి వెనక్కి విప్పుకుని బండిని కుదిపేస్తుంది.

మూడోది సర్దుబాటు: ఒక్క విలువ మారిస్తే టైరంతా మారాలి. ఇరవై నాలుగు స్ప్రింగుల్ని ఒక్కొక్కటిగా క్లిక్ చేయాల్సి వస్తే దాన్ని సర్దుబాటు టైరు అనలేం. నాలుగోది వేగం. తిరిగే ప్రతి ముక్కనూ బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, మెల్లగా చక్కగా నడిచే టైరు వేగంలో ఉబ్బి విరిగిపోవడానికి కారణం అదే. ఐదోది కంప్యూటర్ మీద పడే భారం. పాత ల్యాప్‌టాప్‌లో నడిపేవాళ్లకు నిజానికి ఇదే మొదటి ప్రశ్న.

పట్టు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మెత్తటి టైరు కోరుకునేది దాని కోసమే. టైరు చప్పిడిగా నేలకు ఆనితే పట్టు పెరుగుతుందని అనుకుంటారు. ఇలాంటి ఆటల్లో ఘర్షణ సూత్రం సాదాసీదాది: ఘర్షణ గుణకాన్ని బరువుతో గుణించడమే. అందులో ఎంత మేర ఆనింది అన్న మాటే లేదు. కాబట్టి చదునైన నేల మీద మెత్తటి టైరుకు అదనపు పట్టు ఏమీ రాదు. లాభమంతా రాళ్ల దగ్గరే. రాయి చుట్టూ టైరు ఒదుగుతుంది, నేలను వదలకుండా ఉంటుంది, మెట్టు అంచును చుట్టేసి పైకి లాక్కుంటుంది. మీ దారి చదునుగా ఉంటే టైరు జోలికి పోకుండా ఘర్షణ విలువ పెంచుకోండి, పని అయిపోతుంది. మీ దారి బురద అయితే, అంటే చిన్న చిన్న గోళీలు కుప్పపోసి చేసిన బురద అయితే, అక్కడా మెత్తదనం పెద్దగా సాయపడదు. వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరుకు రైతులు ఇనుప కేజ్ వీల్సే తగిలిస్తారు. ఆటలోనూ అలాంటి చోట పళ్లున్న గట్టి చక్రమే మేలు.

## మొదటి పద్ధతి: గట్టి చక్రం, మెత్తటి చేయి

చక్రాన్ని మామూలు వృత్తంగానే ఉంచి, దాన్ని బాడీకి నేరుగా కాకుండా ఒక చేతికి బిగించాలి. ఆ చేతి రెండో కొస బాడీకి ఇరుసుతో అతుకుతుంది, చేతికీ బాడీకీ మధ్య ఒక స్ప్రింగు ఉంటుంది. మోటారు చేతి చివర, చక్రం ఇరుసులోనే.

ఇది టైరు కాదు, సస్పెన్షన్ అని మీరనొచ్చు. నిజమే. అయినా జాబితాలో మొదట పెట్టాను, ఎందుకంటే మెత్తటి టైరు కావాలనుకునే వాళ్లలో చాలామందికి కావాల్సింది ఇదే. మోటారు బలం సూటిగా చక్రానికి వెళుతుంది, మెలి అన్నదే లేదు. ఎంత వేగంగానైనా తిప్పొచ్చు. సర్దుబాటుకు చక్రానికి ఒక్కటే స్ప్రింగు. స్ప్రింగు చక్రానికి సరిగ్గా పైన ఉంటే, మీటరుకు 4000 న్యూటన్ల (అంటే మీటరు నొక్కడానికి అంత కావాల్సిన) బలానికి 200 న్యూటన్ల బరువు 5 సెంటీమీటర్లు కుంగుతుంది. స్ప్రింగును చేతి మధ్యలో తగిలిస్తే అదే కుంగుడుకు నాలుగు రెట్ల బలం పెట్టాలి, ఎందుకంటే స్ప్రింగు నొక్కుకునే దూరమూ సగమవుతుంది, చేతి ఇరుసు నుంచి దానికుండే దూరమూ సగమవుతుంది.

లోటు ఒకటే, కానీ పెద్దది. చక్రం రాయికి ఒదగదు. చేయి కుదుపును బాడీకి చేరకుండా ఆపుతుంది కానీ, చక్రం మాత్రం రాయి మీదికి ఎగిరి అవతల పడుతుంది. నిలువు మెట్టు దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది: మెట్టు ఎత్తు చక్రం వ్యాసార్ధానికి దగ్గరపడిందంటే గట్టి చక్రం అక్కడే ఆగిపోతుంది.

## రెండో పద్ధతి: విడి ముక్కల చక్రం

గట్టి హబ్ చుట్టూ 12 చిన్న పెట్టెలు, ఒక్కోదాన్నీ స్ప్రింగులతో హబ్‌కు కట్టడం. పక్క పెట్టెలతో దేనికీ సంబంధం ఉండదు. చూడ్డానికి అందంగా ఉంటుంది, కట్టడం త్వరగా అవుతుంది, ఒక ముక్క ఊడినా బండి కుంటుతూ నడుస్తుంది.

ఇక్కడ అందరూ తడబడే చోట్లు రెండున్నాయి. పెట్టెల బదులు వృత్తాలు పెట్టి స్ప్రింగును వాటి నడిమధ్య తగిలిస్తే, అవి నేల మీద తమ చుట్టూ తామే దొర్లుతాయి. మోటారు తిరుగుతుంది, బండి కదలదు. ముక్క పెట్టెగానే ఉండాలి. రెండో చోటు స్ప్రింగుల సంఖ్య. 2డి లోకంలో ఒక ముక్కకు మూడు కదలికలుంటాయి: పైకీ కిందికీ, పక్కకూ, తన చుట్టూ తానూ. మూడింటినీ పట్టి ఉంచాలంటే మూడు స్ప్రింగులు కావాలి. ఒకటి నిలువుగా, రెండు మూలల నుంచి ఏటవాలుగా ఎదురెదురు దిక్కుల్లోకి. ఒక్క నిలువు స్ప్రింగుతో సరిపెడితే మోటారు తిరగగానే ముక్కలన్నీ ఒక పక్కకు వాలిపోతాయి. సైకిల్ వెనక చక్రం స్పోకులు హబ్ నుంచి సూటిగా రాకుండా ఒకదాన్నొకటి దాటుకుంటూ ఏటవాలుగా ఎందుకుంటాయో ఇక్కడ కళ్లారా చూడొచ్చు. పిల్లలకు బోధించే టీచర్లకు ఇంతకన్నా మంచి ప్రదర్శన దొరకదు.

ఏటవాలు స్ప్రింగులన్నీ ఒకే దిక్కుకు వంగి ఉంటే ఇంకో వింత జరుగుతుంది. మోటారు ఒక వైపు తిరిగితే స్ప్రింగులన్నీ సాగి ముక్కల్ని లోపలికి లాగుతాయి, టైరు చిన్నదవుతుంది. వెనక్కి తిరిగితే నొక్కుకుని బయటికి తోస్తాయి, టైరు పెద్దదవుతుంది. రెండు దిక్కులకూ సమానంగా పెడితే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

వేగం దగ్గర ఈ పద్ధతి ఓడిపోతుంది. ఒక్కో ముక్క 0.3 కిలోలు అనుకోండి. సెకనుకు 10 మీటర్ల వేగంలో దాన్ని బయటికి లాగే బలం 60 న్యూటన్లు. స్ప్రింగుల బలం మొత్తం కలిసి మీటరుకు 2000 న్యూటన్లయితే టైరు 3 సెంటీమీటర్లు ఉబ్బుతుంది, పరవాలేదు. 20 మీటర్ల వేగంలో ఆ బలం 240 న్యూటన్లు, ఉబ్బు 12 సెంటీమీటర్లు దాటుతుంది. ముక్కలు దూరమయ్యే కొద్దీ లాగుడు ఇంకా పెరుగుతుంది కాబట్టి అసలు ఉబ్బు అంతకన్నా ఎక్కువే. ముక్కల మధ్య సందులు కూడా చిన్న విషయం కాదు. అర మీటరు చక్రం చుట్టుకొలత దాదాపు 3.14 మీటర్లు. దాన్ని 12 ముక్కలకు పంచితే ఒక్కోదానికి 26 సెంటీమీటర్లు. ముక్క 15 సెంటీమీటర్లదైతే సందు 11. అంత సందులో రాయి చక్కగా ఇరుక్కుంటుంది.

## మూడో పద్ధతి: నొక్కి ఉంచిన గొలుసు టైరు

నిజమైన గాలి టైరు ఎలా పని చేస్తుందో అలాగే పని చేసేది ఇదొక్కటే. అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుతాను.

బయట పట్టీగా 24 చిన్న పెట్టెలు, ఒక్కోటీ 15 డిగ్రీలు తిరిగి, పక్కదానితో ఇరుసు ద్వారా కలిసి, మూసిన గొలుసులా. ఇరుసుతో కలిసిన ముక్కలు ఒకదాన్నొకటి గుద్దుకోవు కాబట్టి కొసలు కొంచెం ఒకదాని మీద ఒకటి పడేలా పెట్టొచ్చు. లోపల గట్టి వృత్తం హబ్‌గా. రెంటి మధ్యా స్ప్రింగులు. ఇక్కడి దాకా చాలామంది వస్తారు. వచ్చి, స్ప్రింగు నిడివిని ఉన్న దూరానికే సరిపెట్టి, టైరు సొట్టలు పడుతోందేమిటని చూస్తుంటారు.

గొలుసుకు సొంతంగా ఆకారం ఉండదు. దాన్ని లోపలి నుంచి బయటికి తోస్తేనే గుండ్రంగా నిలుస్తుంది. కాబట్టి స్ప్రింగు కోరుకునే నిడివి ఉన్న దూరం కన్నా ఎక్కువ ఉండాలి. హబ్ కేంద్రం నుంచి పట్టీకి 0.5 మీటర్లుంటే, స్ప్రింగు నిడివి 0.7 అని పెట్టండి, బలం మీటరుకు 250 న్యూటన్లు. ప్రతి స్ప్రింగూ 0.2 మీటర్లు నొక్కుకుని ఉంటుంది, 50 న్యూటన్లతో బయటికి తోస్తూ ఉంటుంది. గొలుసు సాగదు కాబట్టి బిగిసి గుండ్రంగా నిలుస్తుంది.

ఇక గాలి టైరు లెక్క మొదలవుతుంది. నేలకు ఆనిన ఒక్కో ముక్క తన స్ప్రింగు తోపు మేరకు బరువు మోస్తుంది. 200 న్యూటన్ల బరువుకు, ఒక్కోటి 50 చొప్పున, 4 ముక్కలు నేలకు ఆనాలి. అంటే దాదాపు 52 సెంటీమీటర్ల చప్పిడి, 7 సెంటీమీటర్ల కుంగుడు. స్ప్రింగు నిడివిని 0.9కి పెంచండి. తోపు 100 అవుతుంది, 2 ముక్కలు చాలు, చప్పిడి 26 సెంటీమీటర్లు, కుంగుడు 2 సెంటీమీటర్ల లోపే. టైరు బయటి కొలత మారలేదు, గట్టిదనం మారింది. అదే గాలి కొట్టడం. బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే నేలకు ఆనే మేర వస్తుందన్న సూత్రాన్ని, 2డి బొమ్మలో చేత్తో పట్టుకుని చూస్తున్నట్టే. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. మిగతా స్ప్రింగులు కూడా కొంత మోస్తాయి కాబట్టి తెర మీద కుంగుడు కాస్త తక్కువ కనిపిస్తుంది.

బలం పెంచడం కన్నా నిడివి మార్చడమే సరైన మీట అనడానికి కారణం కూడా ఇదే. మెత్తటి స్ప్రింగును బాగా నొక్కి ఉంచితే, టైరు రెండు మూడు సెంటీమీటర్లు కుంగినప్పుడు దాని తోపు పెద్దగా మారదు, గాలిలాగే. గట్టి స్ప్రింగును కొంచెమే నొక్కి ఉంచితే రాయి తగిలిన చోట తోపు ఒక్కసారిగా పెరిగి కుదుపు వస్తుంది.

అసలు చిక్కు ఇప్పుడు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎప్పుడూ సాగాలనే చూస్తుంది. తోసే స్ప్రింగుల్ని హబ్ అంచుకు తగిలిస్తే, హబ్ కాస్త పక్కకు తిరగగానే ఆ స్ప్రింగులు వాలి, వాలినందువల్ల పొడవై, హాయిగా అక్కడే స్థిరపడతాయి. మోటారు ఆన్ చేయకముందే టైరు లోపల మెలితిరిగిపోతుంది. ఎంత గాలి కొడితే అంత మెలి. ఇది స్ప్రింగు బలం పెంచితే పోయే జబ్బు కాదు, ఇంకా ముదురుతుంది.

మందు ఏమిటంటే, తోసే 24 స్ప్రింగుల్నీ హబ్ అంచుకు కాకుండా సరిగ్గా దాని కేంద్రానికి తగిలించడం. ఆల్గోడూలో స్ప్రింగు దేన్నీ గుద్దుకోదు, హబ్ వృత్తం గుండా వెళ్లిపోతుంది. కేంద్రం నుంచి పట్టీకి దూరం హబ్ ఎంత తిరిగినా మారదు కాబట్టి వాటికి మెలిపెట్టే కోరిక ఉండదు. అయితే ఆ కారణంగానే అవి మోటారు బలాన్ని ఒక్క ఇసుమంత కూడా చేరవేయవు. ఆ పనికి ఇంకో జట్టు కావాలి: హబ్ అంచు నుంచి 60 డిగ్రీలు ముందుకు 6, వెనక్కి 6, మొత్తం 12 ఏటవాలు స్ప్రింగులు. వీటి నిడివి ఉన్న దూరానికి సమానంగా ఉంచండి, బలం మీటరుకు 100 న్యూటన్లు చాలు. హబ్ వ్యాసార్ధం 0.35 మీటర్లయితే, 40 న్యూటన్ మీటర్ల టార్క్‌కు (మోటారు తిప్పే బలానికి) మెలి 16 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మోటారు ఇంకా బలమైనదైతే బలం పెంచుకోండి, టైరు అంతమేర కాస్త బిరుసెక్కుతుంది. రెండు జట్లకూ రెండు రంగులు వేసుకోండి, తర్వాత సెలెక్ట్ చేసేటప్పుడు ఏది ఏదో వెతుక్కోనక్కర్లేదు.

హబ్ అంత పెద్దగా, 0.35 మీటర్లు ఎందుకంటే, అది ఇంకో పని కూడా చేస్తుంది. 1971లో అపోలో 15తో చంద్రుడి మీదికి వెళ్లిన రోవర్ చక్రాలు గుర్తు చేసుకోండి. బయట జింకు పూత వేసిన ఉక్కు తీగల అల్లిక, మెత్తగా కుంగేది. లోపల టైటానియంతో చేసిన గట్టి చట్రం, కుంగుడు హద్దు దాటకుండా ఆపేది. మన హబ్ కూడా అంతే. పెద్ద దెబ్బ తగిలినప్పుడు పట్టీ వెళ్లి హబ్‌కు ఆనుతుంది, అక్కడితో ఆగుతుంది. ఆ అడ్డు లేకపోతే పట్టీ ముక్క కేంద్రాన్ని దాటి అవతలి వైపు తిరగబడుతుంది, ఇక టైరు మళ్లీ విచ్చుకోదు.

మరో జాగ్రత్త. హబ్‌కూ బాడీకీ మధ్య ఇరుసు ఉంది కాబట్టి అవి రెండూ గుద్దుకోవు. కానీ పట్టీ ముక్కలకూ బాడీకీ అలాంటి బంధం లేదు. బాడీ చక్రం మీదికి వచ్చేలా గీసి ఉంటే పట్టీ దానికి తగిలి చక్రం బిగుసుకుపోతుంది. చక్రాల్ని ఒక కొలిజన్ లేయర్‌లో (ఒకే లేయర్‌లో ఉన్నవే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి), బాడీని ఇంకో లేయర్‌లో పెట్టి, నేలను రెంటిలోనూ ఉంచితే సరిపోతుంది.

పట్టీ ముక్కల్ని మరీ తేలికగా చేయొద్దు. బరువైన బాడీ, ఈకల్లాంటి ముక్కలు కలిస్తే ఇరుసులు సాగినట్టయి గొలుసులో సందులు కనిపిస్తాయి. ముక్క బరువు 0.3 కిలోల దగ్గర ఉంచి, ఇంకా వణుకుతుంటే ఆప్షన్స్‌లో సిమ్యులేషన్ ఫ్రీక్వెన్సీ, అంటే ఆట సెకనుకు ఎన్నిసార్లు లెక్క కడుతుందో ఆ విలువ, పెంచండి. వేగంలో ఉబ్బే బాధ దీనికి చాలా తక్కువ, బయటికి లాగే బలాన్ని స్ప్రింగులు కాకుండా గొలుసు మోస్తుంది.

## మిగతావి క్లుప్తంగా

గొలుసు లోపల గోళీలు నింపడం కొందరికి ఇష్టం. చూడ్డానికి సరదాగా ఉంటుంది, గొలుసు తెగితే గోళీలన్నీ దారంతా చెల్లాచెదురవుతాయి. పంక్చర్ సన్నివేశం కోసమైతే తప్పకుండా చేయండి. నడపడానికి మాత్రం పనికిరాదు. హబ్ గోళీల మధ్య తేలుతుంది, మోటారు దాన్ని తిప్పితే హబ్ ఒక్కటే తిరుగుతుంది. గోళీలు ఒక మూల బిగుసుకుంటే టైరు కోడిగుడ్డు ఆకారంలో గట్టిపడుతుంది. సర్దుబాటు అంటే గోళీలు తీయడం, వేయడం. నీళ్లు నింపడం ఇంతకన్నా భారం, సందుల్లోంచి కారిపోతాయి కూడా.

స్క్రిప్టుతో నిజమైన గాలి ఒత్తిడిని లెక్కగట్టడం, అంటే టైరు లోపలి వైశాల్యం చూసి ప్రతి ముక్క మీదా బలం పెట్టడం, ఆల్గోడూ థైమ్ భాషలో చేయవచ్చు. అయితే మూడో పద్ధతి అదే ఫలితాన్ని చాలా తక్కువ శ్రమతో ఇస్తుంది. స్క్రిప్టు రాయడమే మీ సరదా అయితే తప్ప దాని జోలికి పోవద్దంటాను.

ఒత్తిడినే అసలు విలువగా పెట్టి నడపాలనుంటే ఆట మార్చడం మంచిది. బీమ్‌ఎన్‌జీ డ్రైవ్‌లో టైరు అంటే నోడ్లు (బరువున్న బిందువులు), బీముల (వాటిని కలిపే స్ప్రింగుల్లాంటి కడ్డీల) వల, లోపల పీఎస్‌ఐలలో గాలి ఒత్తిడి. ఫిజిక్స్ సెకనుకు 2000 సార్లు లెక్క కడుతుంది. అక్కడ మీరు తయారు చేసేది టైరు నిర్మాణం కన్నా దాని విలువల పట్టిక: ఎన్ని కిరణాలు (చక్రం చుట్టూ ఎన్ని భాగాలు), పక్క గోడ ఎంత బిరుసు, నోడు బరువెంత. నోడు తేలికై బీము మరీ బిరుసైతే టైరు వణికి పేలిపోతుంది, ఆ సూత్రం అక్కడా ఇక్కడా ఒకటే. 3డి, స్టీరింగ్, పక్కకు జారడం ఇవన్నీ కావాలనుకునేవాళ్లకు అదే చోటు. మంచి కంప్యూటరు కావాలి, డబ్బు పెట్టి కొనాలి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | రాళ్ల మీద | మోటారు బలం | సర్దుబాటు మీట | వేగం | భారం |
|---|---|---|---|---|---|
| గట్టి చక్రం, మెత్తటి చేయి | ఒదగదు, బాడీకి మాత్రం కుదుపు తక్కువ | సూటిగా | చక్రానికి ఒక్క స్ప్రింగు | ఎంతైనా | చాలా తక్కువ |
| విడి ముక్కలు | ఒదుగుతుంది, సందుల్లో ఇరుక్కుంటుంది | ఏటవాలు స్ప్రింగులుంటేనే | బలం; నిడివి మారిస్తే ఎత్తు మారుతుంది | తక్కువ | మధ్యస్థం, 36 స్ప్రింగులు |
| నొక్కి ఉంచిన గొలుసు | బాగా ఒదుగుతుంది | 12 ఏటవాలు స్ప్రింగుల జట్టు ద్వారా | తోసే స్ప్రింగుల నిడివి | బాగానే | ఎక్కువ, 36 స్ప్రింగులు, 24 ఇరుసులు |
| గోళీలు లేదా నీళ్లు | చెప్పలేం | దాదాపు శూన్యం | లేదు | లేదు | అన్నిటికన్నా ఎక్కువ |

## మీరు ఎవరైతే ఏది

పాత ల్యాప్‌టాప్, లేదా ఒకే సీనులో నాలుగైదు బండ్లు పోటీ పడాలి అంటే మొదటి పద్ధతే. వేగమే ముఖ్యమైన పందేలకూ అంతే. టైరు మెత్తదనం కోసం ఫ్రేములు పోగొట్టుకుంటే పందెమే చెడుతుంది.

తరగతి గదిలో చూపించే టీచర్లు రెండో పద్ధతితో మొదలుపెట్టి మూడోదానికి రావడం బాగుంటుంది. ముందు నిలువు స్ప్రింగులతో ముక్కలు వాలిపోవడం చూపించి, ఏటవాలు స్ప్రింగులు కలిపి అది ఆగడం చూపించొచ్చు. తర్వాత గొలుసు టైరులో నిడివి మారుస్తూ ఎన్ని ముక్కలు నేలకు ఆనాయో పిల్లల చేత లెక్కపెట్టిస్తే, ఒత్తిడికీ వైశాల్యానికీ ఉన్న సంబంధం వాళ్లే చెప్పేస్తారు. పదో తరగతి పిల్లవాడికి కూడా ఆ లెక్క భారం కాదు.

రాళ్లు ఎక్కే బండి చేసేవాళ్లు సూటిగా మూడో పద్ధతికే వెళ్లండి, రెండోదాని మీద సమయం పోగొట్టుకోవద్దు. బండి 2డి కాబట్టి ముందు చక్రం, వెనక చక్రం రెండే ఉంటాయి, రెంటికీ ఒకే తోపు పెట్టాల్సిన పని లేదు. ఎక్కేటప్పుడు బరువు వెనక చక్రం మీదికి జరుగుతుంది, దానికి నిడివి కాస్త ఎక్కువ పెట్టండి. ముందుది మెత్తగా ఉంటే మెట్టు అంచును బాగా పట్టుకుంటుంది.

ఎత్తు మారే బండి కావాలనుకునేవాళ్లకు మాత్రం రెండో పద్ధతి నిజంగా ఉపయోగం. గొలుసు లేదు కాబట్టి స్ప్రింగుల నిడివి పెంచితే చక్రమే పెద్దదవుతుంది. మోటారు అదే వేగంతో తిరిగినా బండి వేగం పెరుగుతుంది, ఎక్కే బలం తగ్గుతుంది. ఒక రకంగా గేరు మార్చినట్టు.

## నడుస్తుండగా గాలి మార్చడం

రెండో ప్రపంచ యుద్ధంలో నేల మీదా నీటి మీదా నడిచిన అమెరికన్ డీయూకేడబ్ల్యూ ట్రక్కులో డ్రైవరు తన సీట్లోంచే టైర్ల గాలి మార్చుకోగలిగేవాడు. ఇసుక తీరం ఎక్కేటప్పుడు తగ్గించి, గట్టి రోడ్డు రాగానే పెంచేవాడు. ఆటలో ఆ సౌకర్యం తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి.

తేలికది, సిమ్యులేషన్ నడుస్తుండగానే తోసే స్ప్రింగులన్నిటినీ ఒకేసారి సెలెక్ట్ చేసి, మెనూలో నిడివి మార్చడం. ఆల్గోడూ దీన్ని ఆపకుండా అనుమతిస్తుంది. ప్రయోగాలకు ఇదే చాలు. ఒక్కసారిగా 0.7 నుంచి 0.9కి దూకించకుండా మెల్లగా పెంచండి, లేకపోతే టైరు బండిని ఎగరేస్తుంది.

రెండోది, స్క్రిప్ట్ మెనూలో ఒక సీన్ వేరియబుల్ (సీనంతటికీ వర్తించే, మార్చుకోగలిగే విలువ) పెట్టి ప్రతి తోసే స్ప్రింగు నిడివినీ దానికి ముడివేయడం. ఒక స్ప్రింగుకు ముడివేసి, ఆ ఒక్క ముక్కనూ దాని స్ప్రింగుతో సహా కాపీ చేసి 15 డిగ్రీల చొప్పున తిప్పుకుంటూ పోతే మిగతావి దానంతట అవే వస్తాయి. ఇక వేరియబుల్ మారితే చక్రమంతా మారుతుంది. ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి, వేరు పేర్లతో పెట్టుకోండి. ఏటవాలు స్ప్రింగుల్ని ఈ వేరియబుల్‌కు ముడివేయకూడదు. వాటి నిడివి మారితే అవి కూడా తోయడం మొదలుపెడతాయి, మెలి మళ్లీ మొదటికొస్తుంది.

విలువలు కుదిరాయో లేదో చూడ్డానికి మూడు పరీక్షలు చాలు. బండిని అర మీటరు పైకెత్తి వదలండి. ఒకటి రెండు ఊపుల్లో ఆగితే డ్యాంపింగ్ (స్ప్రింగు ఊపును అణిచే విలువ) సరిపోయింది, బంతిలా ఎగురుతూ ఉంటే పెంచండి. నిలబడిన బండికి మోటారు పూర్తి బలంతో ఒక్కసారి ఇచ్చి వదలండి. హబ్ కొంచెం తిరిగి, టైరు వెంటనే అందుకుంటే ఏటవాలు జట్టు బాగుంది. చివరగా 20 సెంటీమీటర్ల మెట్టు పెట్టి మెల్లగా ఎక్కించండి. పట్టీ హబ్‌కు గట్టిగా తగులుతుంటే నిడివి 0.05 చొప్పున పెంచుతూ మళ్లీ చూడండి. అస్సలు ఒదగకపోతే అంతే చొప్పున తగ్గించండి. ఈ మూడింటిలో నెగ్గిన చక్రాన్ని విడిగా సేవ్ చేసి పెట్టుకుంటే తర్వాతి బండికి మళ్లీ మొదటి నుంచి కట్టనక్కర్లేదు, బరువును బట్టి స్ప్రింగుల బలం ఒక్కటి మారిస్తే చాలు.